నేను రాసిన ఆడబిడ్డ కథ

1989లో నేను సూర్యాపేటలో ఒక దవాఖానలో టీబీ హెల్త్ విజిటర్‌గా పని చేస్తున్నాను. హెల్త్ విజిటర్ అంటే నర్సు కాదు, కాంపౌండరూ కాదు. కఫం పరీక్షలో టీబీ అని తేలినవాళ్లకు ట్రీట్‌మెంట్ కార్డు రాయడం, నెలనెలా మాత్రలు ఇవ్వడం, రానివాళ్లను వెతుక్కుంటూ వాళ్ల ఊళ్లకు వెళ్లడం మా పని. అయినా అందరూ నన్ను సిస్టరమ్మా అనే పిలిచేవాళ్లు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత నాకే విసుగొచ్చి మానేశాను.

నాది ఎక్స్‌రే గది పక్కన చిన్న గది. ఒక బల్ల, ఒక బీరువా, ఒక కార్డుల పెట్టె. ఎవరు ఏ రోజు మాత్రలకు రావాలో ఆ తేదీ ప్రకారం కార్డులు పెట్టెలో వరసగా నిలబడి ఉంటాయి. తేదీ దాటినా కదలని కార్డు ఉందంటే ఉత్తరం రాయాలి. ఉత్తరానికీ రాకపోతే బస్సెక్కి పోవాలి. మధ్యలో మందు మానేసినవాళ్లను మేం డిఫాల్టర్ అంటాం. టీబీలో అసలు భయం అదే. రెండు మూడు నెలలు మాత్రలు మింగగానే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు వస్తుంది. లోపల క్రిములు మాత్రం కొన్ని మిగిలే ఉంటాయి. అప్పుడు మందు ఆపితే అవి మళ్లీ పెరుగుతాయి, ఈసారి పాత మాత్రలకు లొంగకపోవచ్చు కూడా. అందుకే ఎనిమిది నెలలు, ఒక్క రోజు తక్కువ కాకుండా, అని చెప్పీ చెప్పీ నా గొంతు ఆరిపోయేది.

ఇంకో చిక్కు ఉండేది. ఎవరూ ఆ రోగం పేరు పలికేవాళ్లు కాదు. ముఖ్యంగా ఆడవాళ్లు. "గదే సిస్టరమ్మా, గా దగ్గు" అని గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. అత్త పక్కనుంటే అదీ చెప్పేవాళ్లు కాదు. మాత్రలు బియ్యం డబ్బాలో దాచి, డబ్బా ఇంకెవరో తీశారని మింగడం మానేసినవాళ్లున్నారు. ఇదంతా చూసి మా డాక్టరు గారు ఒకరోజు అన్నారు, "వీళ్లకు అర్థమయ్యేట్టు ఒక పేజీ రాయండమ్మా. మీరు కథలు రాస్తారటగా."

రాసేదాన్నే. అప్పటికి వారపత్రికలో రెండు కథలు అచ్చయ్యాయి, ఆ రెండు పత్రికలూ బీరువాలో మాత్రల కన్నా భద్రంగా ఉండేవి. డాక్టరు గారి మాటతో నాకు రెక్కలొచ్చాయి. ఆ ఆదివారమే కూర్చుని రాసేశాను.

మా సొంతూరు కోదాడ. అమ్మకు ముగ్గురు ఆడపడుచులు, కాబట్టి కథకు కావలసిన సరుకు మా ఇంట్లోనే ఉంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత ఉండనే ఉంది. రోగాన్ని ఆడబిడ్డను చేశాను. సూర్యాపేటవాళ్లకు దగ్గరగా ఉండాలని ఆడపడుచు అన్న మాట తీసేసి ఆడబిడ్డ అనే రాశాను. లచ్చమ్మ అనే ఇల్లాలి దగ్గరికి పిలవకుండానే ఆడబిడ్డ వస్తుంది. మంచం మీద నుంచి లేవదు. లచ్చమ్మ కంచంలోది లాక్కుని తింటుంది, కాబట్టి లచ్చమ్మ చిక్కిపోతుంది. మాటకు ముందు దగ్గుతుంది. ఆడబిడ్డను పొమ్మని ఎవరంటారు? లచ్చమ్మ దవాఖానకు పోతే సిస్టరమ్మ మాత్రలిచ్చి, "ఇవి నీ ఆడబిడ్డకు పూటపూటా పెట్టు, ఎనిమిది నెలలు పెట్టు" అంటుంది. మాత్ర పడినకొద్దీ ఆడబిడ్డ నోరు తగ్గుతుంది. చివరికి లచ్చమ్మ ఒడి బియ్యం పోసి, బొట్టు పెట్టి, ఆడబిడ్డను బస్సెక్కించి వచ్చి, చాలా రోజుల తర్వాత కడుపు నిండా తింటుంది. ఇదీ కథ. ఒడి బియ్యం సంగతి పేషెంట్ల మాటల్లో విన్నదే. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతారని మాత్రం తెలుసు. మా ఇంట్లో చీర, సారె ఇచ్చి పంపేవాళ్లు. ఇక్కడి రంగు ఉంటుంది కదా అని ఆ ముక్క వేశాను.

స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీయించి, మంగళవారం మాత్రల రోజున బెంచీల మీద కూర్చున్నవాళ్లకు నేనే చదివి వినిపించాను. నవ్వినవాళ్లు నవ్వినట్టే ఉన్నారు. మగవాళ్లు కూడా ముందుకు జరిగి కూర్చున్నారు. కాగితాలు తలా ఒకటి పట్టుకెళ్లారు.

ఫలితం నేననుకున్నదాని కన్నా ఎక్కువే వచ్చింది. పేరు పలకలేనివాళ్లకు ఒక పేరు దొరికింది. "మా ఆడబిడ్డ ఎట్లున్నదో సూడున్రి" అని కఫం డబ్బీ చేతికిచ్చేవాళ్లు. "ఇయ్యాల జర నిమ్మలంగున్నది" అని నవ్వేవాళ్లు. అత్తల ముందు, బస్సులో, ఎక్కడైనా మాట్లాడుకునేవాళ్లు. డాక్టరు గారు ఒక కాపీ గోడకు అంటించారు. నేను ఆ గోడ దగ్గర నుంచి పనున్నా లేకపోయినా నాలుగుసార్లు తిరిగేదాన్ని.

అందరిలో ఆ కథను ఎక్కువగా సొంతం చేసుకున్నది సైదమ్మ. హుజూర్‌నగర్ నుంచి మఠంపల్లి పోయే దారిలో ఒక ఊరు ఆమెది. ముప్పై ఏళ్లుంటాయి. భర్త వెంకన్న మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఇద్దరు పిల్లలు. మార్చిలో మొదటిసారి వచ్చినప్పుడు మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుంది. కఫం పరీక్షలో త్రీ ప్లస్, అంటే క్రిములు బాగా ఎక్కువున్నాయని. కార్డు రాస్తూ ఇంట్లో ఎందరని అడిగాను. "మేం నలుగురం" అంది. భర్త, ఇద్దరు పిల్లలు అని రాసుకుని వాళ్లను కూడా పరీక్షకు తీసుకురమ్మన్నాను. ఒకరికి టీబీ ఉంటే ఇంట్లో అందరినీ చూడాలి, దాన్ని కాంటాక్ట్ పరీక్ష అంటాం.

సైదమ్మ వెంట సంచీ పట్టుకుని ఇంకో మనిషి వచ్చేది. సైదమ్మ కన్నా చిన్నది, సన్నగా, మాట తక్కువ. ఏ మాత్ర ఎప్పుడు మింగాలో నేను చెబుతుంటే సైదమ్మ దిక్కులు చూసేది, ఈమె మాత్రం నా చేతులే చూసేది. పేరు మల్లమ్మ అని తెలుసు. ఎవరో దగ్గరి మనిషి అనుకున్నాను, ఇంకేమీ అడగలేదు.

మే నెలలో నేను కథ చదివిన రోజు ఇద్దరూ బెంచీ మీదే ఉన్నారు. ఆడబిడ్డ మంచం దిగదని చదవగానే సైదమ్మ పక్కకు తిరిగి మోచేత్తో పొడిచి, "ఇంటున్నవా మల్లీ, నీ కతనే చదువుతుంది సిస్టరమ్మ" అంది. బెంచీ బెంచీ అంతా ఘొల్లుమంది. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. ఆమె సైదమ్మ సొంత ఆడబిడ్డ అని అప్పుడే తెలిసింది నాకు. తెలిసి నేనేమనుకున్నానంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, పాత్ర భలే అతికింది అనుకున్నాను.

తర్వాతి నెల సైదమ్మ ఒక్కతే వచ్చింది. మల్లమ్మ ఏదని అడిగితే "కూలికి పోయింది" అంది. అప్పటికే మనిషికి ఒళ్లొచ్చింది, దగ్గు లేదు. "మా ఆడబిడ్డ మూట సదురుకుంటుంది సిస్టరమ్మా" అని కళ్లు తిప్పుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇంకా నాలుగైదు నెలలు మింగాలని మాత్రం గుర్తు చేశాను.

ఆగస్టులో సైదమ్మ కార్డు పెట్టెలో కదలకుండా ఉండిపోయింది. ఉత్తరం రాశాను. జవాబు లేదు, మనిషి లేదు. ఇంకో వారం చూసి హుజూర్‌నగర్ బస్సెక్కాను. అక్కడి నుంచి ఇంకో బస్సు. ఆ దారంతా సున్నపురాయి లారీలే, కిటికీ పక్కన కూర్చుంటే ఊరు చేరేలోపు తల నెరిసిపోతుంది.

సైదమ్మ ఇంట్లోనే ఉంది. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది.

"రా సిస్టరమ్మా, రా. గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"నువ్వు రాకపోతే నేనే రావాలిగా. మాత్రలకు రాలేదేం?"

"ఇగ మాత్రలెందుకు? పాయె."

"ఏం పోయింది?"

"ఆడబిడ్డ. ఒడి బియ్యం పోసి పంపిన."

ఎప్పటిలాగే పరాచికమనుకున్నాను. కాదు. ఒక శుక్రవారం తలకు పోసుకుని, వెంకన్న మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చిన సన్నబియ్యంలో పసుపు కలిపి, కొత్త రవికె గుడ్డలో ఐదు దోసిళ్లు పోసి, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు పెట్టి మూట కట్టిందట. మఠంపల్లి పోయి ఆ మూటను కృష్ణలో కలిపి, వెనక్కి చూడకుండా వచ్చేసిందట. చెబుతుంటే ఆమె ముఖంలో పెద్ద పని పూర్తి చేసిన తృప్తి ఉంది.

"మరి మిగిలిన మాత్రలు?"

"గా మూటలనే పెట్టిన."

"మాత్రలు కూడానా?"

"దానియి దానికే గద సిస్టరమ్మా. నువ్వే రాస్తివి, ఆడబిడ్డకు పూటపూటకు పెట్టాలె అని. అది పోయినంక నేనుంచుకొని ఏం జేస్త?"

 రాసింది నేనే. ఎనిమిది నెలలని కథలో ఉంది, కానీ ఎనిమిది అనేది ఒట్టి అంకె. కథ నడకంతా చెప్పింది ఇంకొకటి. ఆడబిడ్డ ఉన్నన్నాళ్లు పెట్టు, పోతే హాయిగా తిను. కథను నమ్మినవాళ్లు కథ చెప్పినట్టే చేస్తారు. దగ్గు కనబడడం లేదంటే ఆడబిడ్డ పోయినట్టే. పోయిన మనిషికి ఇంకా అన్నం వడ్డించే పిచ్చిది ఎవరుంటారు? మాత్ర తనకు కాదు, ఎవరో రెండో మనిషికి అన్న మాట ఆమె బుర్రలో పెట్టింది నేనే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

కూర్చుని క్రిముల గురించి, ఊపిరితిత్తుల గురించి మొదటి నుంచి చెప్పాను. సైదమ్మ మర్యాదగా విని, "కతల పోయింది గద. మల్ల ఉన్నదంటవేంది?" అంది.

మల్లమ్మ గడప పక్కన కూర్చుని బియ్యం చెరుగుతోంది. నేను వచ్చినప్పటి నుంచి తల ఎత్తలేదు. చేట ఆపకుండానే అంది, "ఒడి బియ్యం పోసుకున్న ఆడబిడ్డ తిరిగి రాకుంట ఉంటదా వదినె? నాకు రెండుపార్ల పోసిన్రు. రెండుపార్ల మల్లొచ్చిన."

సైదమ్మ ముఖం మాడిపోయింది. "నీ సంగతి వేరె" అంది గబుక్కున.  ఒడి బియ్యం అంటే ఒకసారి పోసి వదిలించుకోవడం కాదని, మూడో ఏట, ఐదో ఏట మళ్లీ పిలిచి పోయాలని, అది తిరిగి రమ్మనడమేనని నాకు అప్పుడు తెలిసింది. రంగు కోసం వేసిన ముక్క అది. నెలకు సరిపడా మాత్రలు సైదమ్మ చేతిలో పెట్టాను. "మింగుతలే" అని గూట్లో పెట్టింది. ఆ గొంతు నేను చాలా ఇళ్లలో విన్నదే. మింగదని అర్థమైంది.

మల్లమ్మ నన్ను బస్సు ఆగే చోటి దాకా సాగనంపడానికి వచ్చింది. దారిలో నేనే అడిగాను, దవాఖానకు రావడం ఎందుకు మానేశావని.

"ముందుగాల పొద్దుగాల్నే వదినెకు మాత్రలు నేనిస్తుంటి. ఇచ్చినప్పుడల్ల గోడకు సుద్దతోటి ఒక గీత గీస్తుంటి. నీ కత కాయితం మా అన్న సదివిండు. సదివి నవ్విండు. ఆడబిడ్డకు ఆడబిడ్డ చేతులకెల్లే మందా అని. వాడకట్టోల్లు గుడ నవ్విన్రు. గా దినం సంది నేనియ్యలే, దవాఖానకు గుడ రాలే."

"నవ్వులాటకు అన్నాడులే మల్లమ్మా."

"నవ్వులాటకే. పోరగాండ్లు గుడ నవ్వులాటకే దగ్గుతరు నన్ను సూసి. మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకుండు. నేను పిలవకుంటనే వచ్చిన. వదినె కంచంల తింటున్న. గవన్ని నీకెట్ల దెల్సినయో అనుకున్న సిస్టరమ్మా."

అప్పుడే లారీ ఒకటి పోయింది. ఇద్దరం కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాం. మల్లమ్మ వంగి చాలాసేపు దగ్గింది. ఆమె మాటలకు నాకు ముఖం చెల్లక, ఏదో ఒకటి అనాలని, "ఈ దుమ్ముకి ఎవరికైనా దగ్గొస్తుంది" అన్నాను. "అవు, దుమ్మే" అంది. బస్సొచ్చింది, ఎక్కేశాను. దగ్గే మనిషిని ఎన్నాళ్లుగా దగ్గుతున్నావని అడగడం నా ఉద్యోగం. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా, దాచుకోవడానికి ఒక సాకు నేనే చేతికిచ్చి వచ్చాను.

నవంబరులో సైదమ్మ తిరిగి వచ్చింది. నెత్తురు పడిందని, వెంకన్న పట్టుకుని నడిపిస్తుంటే వచ్చింది. కఫం మళ్లీ త్రీ ప్లస్. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "పాత మందులకు లొంగితే అదృష్టం" అని నాతో మెల్లగా అన్నారు. లొంగకపోతే సూర్యాపేటలో మా దగ్గర ఇంకేమీ లేదు. మాత్రలతో పాటు రెండు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ రాశారు. హుజూర్‌నగర్‌లో రోజూ సూది వేయించుకునే ఏర్పాటు చేశాం. సైదమ్మ పరాచికాలు లేవు, కళ్లు దించుకుని కూర్చుంది.

మల్లమ్మ కూడా వచ్చింది గానీ లోపలికి రాలేదు. వరండా చివర సంచీ పెట్టుకుని నిలబడింది. నేను కార్డు రాస్తుంటే బయట నుంచి దగ్గు వినబడింది. ఇరవై ఏళ్లు దాటిన ఉద్యోగంలో ఇప్పటికీ నా చెవికి ఆ తేడా తెలుస్తుంది, అప్పుడూ తెలిసింది. అది దుమ్ము దగ్గు కాదు. కఫం డబ్బీ తీసుకుని బయటికి వెళ్లాను.

"మల్లమ్మా, ఇందులో ఉమ్మి ఇవ్వు."

"నాకేం లేదు."

"ఎన్నాళ్లుగా దగ్గుతున్నావు?"

"దగ్గుతలేను."

"నేను విన్నాను."

డబ్బీ వైపు చూసింది, నా వైపు చూసింది. "అయిదు నెలల సంది. ఎవలకు జెప్పాలె సిస్టరమ్మా? నేను దగ్గితె నీ కత నిజమాయె అంటరు. ఇగ గా ఇంట్ల కూసోనిస్తరా నన్ను?"

సంచీలో ఒక గుడ్డ ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా అది నోట్లో కుక్కుకుని దొడ్లోకి పోయేదట. అది కూడా మామూలుగానే చెప్పింది. పక్కనే గోడ మీద నా కాగితం ఉంది, కింద నా పేరుతో సహా.

మల్లమ్మ కఫం కూడా పాజిటివ్. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి సగం పాడైపోయింది. వదినకు వచ్చిన కొత్తలోనే కాంటాక్ట్ పరీక్ష చేసి ఉంటే, కనీసం ఆగస్టులో నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, అంతదాకా వచ్చేది కాదు. సైదమ్మ పాత కార్డు తీసి చూశాను. ఇంట్లో నలుగురు అని నా చేతిరాతే. ఐదో మనిషి నా బల్ల ముందే సంచీ పట్టుకుని నిలబడి ఉండేది.

కొత్త కార్డు రాయడానికి మల్లమ్మను కూర్చోబెట్టాను. సైదమ్మ పక్కనే ఉంది. ఈ రోగాన్ని ఇంట్లో ఏమని చెప్పుకుంటే ఆమెకు ఇబ్బంది ఉండదో అడిగాను. మల్లమ్మ నన్ను వింతగా చూసింది.

"పేరెందుకు? అది నా దగ్గు. మాత్రలియ్యి."

ఆ సాయంత్రం గోడ మీది కాగితం చించేశాను. మిగిలిన కట్ట కూడా చించాను. డాక్టరు గారు అడిగారు, "బాగుందిగా, ఎందుకు తీసేశారు?" అని. మొత్తం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "చేతులు కాలాయి, సరే. కాగితం ఎన్ని ఊళ్లకు పోయిందో చూడండి" అన్నారు. ఆ మాట కోప్పడ్డదాని కన్నా ఎక్కువ తగిలింది.

అప్పటి నుంచి ప్రతి డిఫాల్టర్ ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాగితం గురించి కూడా అడిగాను. మిర్యాలగూడ వెళ్లి వెంకన్న పని చేసే మిల్లులో హమాలీలందరి కఫం తీసుకున్నాను. అక్కడ బస్తాల గోదాములో తలుపు వెనక నా కథ అంటించి ఉంది, ఊక దుమ్ము పట్టి. తీస్తుంటే ఒక హమాలీ అన్నాడు, "ఉండనియ్యున్రి మేడం, మంచిగున్నది. పొట్ట చెక్కలైతది." వెంకన్న మాత్రం నేను చింపిన ముక్కలు ఏరి బయట పారేసి వచ్చాడు. ఊళ్లో మొదట నవ్వింది తనే కాబట్టి ఆ బరువు అతనికీ తెలిసినట్టుంది.

వదినా ఆడబిడ్డలిద్దరూ ఎనిమిది నెలలు కలిసి వచ్చారు. ఇద్దరి కార్డులూ ఒకే తేదీ దగ్గర పెట్టుకున్నాను. మందు సైదమ్మకు పని చేస్తుందా లేదా అన్నది రెండు నెలల దాకా తెలియలేదు. ఆ రెండు నెలలు నేను నిద్ర సరిగా పోలేదు. జనవరిలో కఫం నెగెటివ్ వచ్చింది. మల్లమ్మది ఇంకో నెల పట్టింది. పొద్దున్నే మల్లమ్మ వదినకు, వదిన మల్లమ్మకు మాత్రలు చేతిలో పెట్టేవాళ్లట. గోడ మీద ఇప్పుడు గీతలు రెండు వరసలయ్యాయని సైదమ్మ చెప్పింది. మల్లమ్మ బతికింది గానీ పాడైన భాగం పాడైనట్టే ఉండిపోయింది. నాట్లకు వంగితే ఆయాసం వచ్చేది, ఆ పని మానేసింది.

1990 జూలైలో చివరి నెల మాత్రలు అయిపోయాయి. ఆ రోజు బెంచీ మీద కొత్తగా వచ్చిన ఒకామె ఉంది, పెద్దవూర వైపు నుంచి. నన్ను చూసి, "గీడ ఆడబిడ్డ కత సదువుతరంట గద సిస్టరమ్మా" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న మల్లమ్మ అందుకుంది.

"కత లేదు, గిత లేదు. ఎనిమిది నెలలు మింగాలె. తక్కువైందని ఆపొద్దు. మా వదినె ఆపింది, మల్ల మొదటికెల్లి మింగింది. నేను దాసిన, నాకు సగం ఊపిరి పాయె."

ఆ కొత్తామె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను ఎనిమిది నెలల లెక్క అంత తొందరగా ఎవరి తలకూ ఎక్కించలేదు. తర్వాత చాలాసార్లు, మందు పూర్తి చేసినవాళ్లను మంగళవారాల్లో బెంచీ మీద కూర్చోబెట్టి వాళ్ల మాటే చెప్పించాను.

కథలు రాయడం మానలేదు. కానీ రోగానికి మళ్లీ మనిషి రూపం ఇవ్వలేదు. రోగాన్ని మనిషిని చేస్తే జనానికి తొందరగా అర్థమవుతుంది, నిజమే. అయితే ఆ మనిషితో ఎలా నడుచుకోవాలో వాళ్లకు ముందే తెలుసు. చుట్టమైతే మర్యాద చేస్తారు, పోతే మర్చిపోతారు. దొంగ అయితే దాచిపెట్టినవాళ్లను కూడా కొడతారు. మనం మాత్రల గురించి ఎంత రాసినా వాళ్లు నడుచుకునేది ఆ మర్యాద ప్రకారమే. పైగా, మనం ఎవరి ముఖం తెచ్చి రోగానికి తగిలిస్తామో ఆ ముఖం ఉన్న మనిషి ఎక్కడో ఒక ఇంట్లో నిజంగానే ఉంటుంది.

ఆ రోజు ఇద్దరినీ బస్టాండు దాకా పంపడానికి వెళ్లాను. సైదమ్మ పిల్లలకు ఏదో కొనడానికి పక్కకు పోయింది. మల్లమ్మ, నేను మిగిలాం. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"నన్ను క్షమించు మల్లమ్మా. ఆ కథ నేను రాయకుండా ఉండాల్సింది."

"నన్ను సూసి రాయలే గద సిస్టరమ్మా."

"లేదు. నిన్ను చూడకుండానే రాశాను."

"గదే తప్పు" అంది మల్లమ్మ.